గ్యాస్ కట్టేసే వచ్చాను, తల్లీ

తల్లీ,

బయలుదేరే హడావుడిలో తాళాలైతే నీ చేతికిచ్చాను గానీ, బీరు కెగ్గుల సంగతి, అదే మనం చేసిన బీరు నింపి ఫ్రీజర్‌లో పెట్టిన స్టీలు పీపాల సంగతి, సగమే చెప్పాను. ఈ రెండు నెలలూ వాటిని చూసేది నువ్వే కాబట్టి మిగతాది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు నీ క్షేమం. కెగ్గులున్న గది తలుపు బార్లా తీసి, కాసేపు ఆగి లోపలికి వెళ్ళు. బీరుకు పట్టించే గ్యాస్ కార్బన్ డయాక్సైడ్, అది గాలి కన్నా బరువు. ఎక్కడైనా కారితే మూసిన గదిలో నేలబారున పేరుకుంటుంది, వాసనతో తెలియదు. తల తిరిగినట్టున్నా, ఆయాసం వచ్చినా ఏదీ ముట్టుకోకుండా బయటికి వచ్చెయ్. బీరు పోతే మళ్ళీ చేసుకుందాం.

ఆ గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేసే వచ్చాను. బీరుకు 4 డిగ్రీల దగ్గర 12 పీఎస్ఐ ఒత్తిడితో గ్యాస్ పూర్తిగా పట్టింది. మూత, రబ్బరు రింగులు బాగుంటే అది కెగ్గులోనే నిలుస్తుంది. ఒకసారి వాల్వ్ తెరిచి ఉంచి పది రోజులు వెళ్ళాను. ఒక చిన్న రింగు ఎండి పగిలింది, సిలిండర్ మొత్తం ఖాళీ. వెళ్ళేముందు ఒత్తిడి చూపే గేజ్ చూసి నిండుగా ఉందనుకున్నాను. లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది కదా, ఆ ద్రవం అయిపోయేదాకా గేజ్ ముల్లు దాదాపు కదలదు. ఎంత మిగిలిందో తూకమే చెబుతుంది. అప్పటి నుంచి గేజ్‌ను నమ్మడం మానేశాను.

నీకు తాగాలనిపిస్తే మొహమాటపడకు. బీరు పైపులు కడిగి, కెగ్గుల నుంచి ఊడదీసి పెట్టాను. వాటిలో బీరు నిలవుంటే పాడై పులుపెక్కుతుంది. నల్ల కనెక్టర్ బీరుది, బూడిదరంగుది గ్యాస్‌ది. నల్లది తగిలించి, వాల్వ్ తెరిచి, మొదటి అర గ్లాసు పారబొయ్యి, అందులో కడిగిన నీళ్ళుంటాయి. అయ్యాక వాల్వ్ మూసి, నల్లది ఊడదీసి, ట్యాప్‌ను వేడినీళ్ళతో కడిగి బిరడా పెట్టు. బీరులోని చక్కెర ఎండితే ట్యాప్ బిగుసుకుపోతుంది, చిన్న ఈగలు దూరతాయి. హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) ఎక్కువున్న లేతరంగు బీరు ముందు తాగు, దాని సువాసన వారాల్లోనే తగ్గిపోతుంది. నల్ల బీరుకు తొందరేమీ లేదు.

నా టెన్షన్ అంతా ఫ్రీజర్ గురించే. అది మామూలు డీప్ ఫ్రీజర్ అని నీకు తెలుసు. చల్లదనాన్ని అదుపుచేసే కంట్రోలర్ ఒక్కటే దాన్ని 4 డిగ్రీల దగ్గర ఆపుతోంది. ఆ కంట్రోలర్ తీగ చివరనున్న సెన్సర్‌ను కెగ్గు పక్కకు అంటించి, పైన ఫోమ్ ముక్క పెట్టి టేపు వేశాను. టేపు ఊడి సెన్సర్ ఎలాగో పెట్టె బయట పడిందనుకో, లోపల ఇంకా వేడిగానే ఉందనుకుని ఫ్రీజర్ ఆగకుండా నడుస్తుంది. 19 లీటర్ల బీరు గడ్డకట్టి, ఉబ్బి, కెగ్గు పాడవుతుంది. అందుకే మూత తీసిన ప్రతిసారీ టేపు చూడు. లోపల తడి చేరి బూజు పడుతుంది, మూత రబ్బరు కూడా పొడిగుడ్డతో తుడువు.

కరెంటు పోతే మూత తియ్యకు. నిండు కెగ్గు చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది, కొన్ని గంటలకు ఏమీ కాదు. ఒకవేళ రోజంతా రాకపోయినా బీరు పాడైపోదు. లోపలి ఒత్తిడి పెరుగుతుంది, కెగ్గు తట్టుకుంటుంది. మళ్ళీ చల్లబడేదాకా మాత్రం పొయ్యకు, నురగ తప్ప గ్లాసులో ఏమీ మిగలదు.

రింగులకు రాసే గ్రీజు టూల్స్ డబ్బాలో ఉంది. ఈ ఆదివారం వెళ్ళినప్పుడు సెన్సర్ ఫోటో తీసి పంపు. అది చూసేదాకా నాకు నిద్ర పట్టదు.

మీ నాన్న