ఆ ఒక్క భూగర్భ స్టేషన్ నమూనా ముందే చూపండి

హైదరాబాద్ మెట్రో రైలు మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. తొలి దశలోని 57 స్టేషన్లూ నేల మీద స్తంభాలెత్తి కట్టినవే. మలి దశ ప్రతిపాదనలో నాగోల్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం దాకా 36.8 కిలోమీటర్ల మార్గం ఉంది. అందులో సుమారు 1.6 కిలోమీటర్లు భూగర్భంలో సాగుతుంది, విమానాశ్రయం స్టేషన్ కూడా అక్కడే వస్తుంది. ఈ లేఖ ఆ ఒక్క స్టేషన్ గురించి.

నేల పైన స్టేషన్ అయితే తర్వాతైనా మెట్లు మార్చుకోవచ్చు, కప్పు పొడిగించుకోవచ్చు. కింద ఆ వెసులుబాటు ఉండదు. గొయ్యి తవ్వి, కాంక్రీటు గోడలు పోసి, పైన మట్టి కప్పేశాక ఎత్తూ అంతే, వెడల్పూ అంతే. ఆ కొలతలన్నీ ఖరారయ్యాక ఆర్కిటెక్ట్‌ను పిలిస్తే ఆయనకు మిగిలేది గోడల పలకలు, రంగులు, ఓ మూల చార్మినార్ బొమ్మ. చార్మినార్ మీద నాకేమీ కోపం లేదు. బయటికి దారి ఎటో తెలియని చోట బొమ్మతో ఏం పని?

లండన్‌లో జూబిలీ అనే మెట్రో మార్గాన్ని పొడిగించినప్పుడు ప్రధాన ఆర్కిటెక్ట్ రోలాండ్ పావొలెట్టి ఒక్కో స్టేషన్‌ను ఒక్కో ఆర్కిటెక్ట్‌కు అప్పగించారు. 1999లో తెరిచిన కానరీ వార్ఫ్ స్టేషన్‌ను పాత రేవులో నీళ్లు తోడేసి కట్టారు. నార్మన్ ఫోస్టర్ సంస్థ దానికి గాజు కప్పులు పెట్టింది. వాటిలోంచి పగటి వెలుగు లోపలికి దిగుతుంది, ఆ వెలుగు వైపు నడిస్తే చాలు, బయటపడతాం.

మనకూ ఆ వెలుగు కావాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆ స్టేషన్‌లో దిగేది ఎవరో గుర్తుంచుకోవాలి. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో గల్ఫ్‌కు వెళ్లే మనిషి ఒంటరిగా రాడు. తల్లి, భార్య, పిల్లలు, బావమరిది అందరూ వస్తారు. తాడుతో బిగించిన అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో పేరూ, ఫోను నంబరూ ఉంటాయి. సికింద్రాబాద్ జూబిలీ బస్ స్టేషన్ (జేబీఎస్)లో బస్సు దిగి మెట్రో ఎక్కే ఆ కుటుంబానికి ముందు తలుపులో ఎక్కి ఎదురు తలుపులో దిగే పెద్ద లిఫ్టులు కావాలి, అప్పుడే ట్రాలీని లోపల తిప్పుకునే అవస్థ ఉండదు. పెట్టె పట్టేంత వెడల్పున్న టికెట్ గేట్లు కావాలి. సాగనంపడానికి వచ్చినవాళ్లు నడవాకు అడ్డం పడకుండా కూర్చునే చోటు కావాలి. ఆ చోటు తర్వాత పుట్టదు, గొయ్యి తవ్వేటప్పుడే వదలాలి.

వాన సంగతి కూడా. 2025 మే 26న ముంబైలో, తెరిచి నెల తిరగని ఆచార్య అత్రే చౌక్ భూగర్భ స్టేషన్‌లోకి వరద నీరు చేరింది. బ్యాంకాక్‌లో భూగర్భ మెట్రో ద్వారాలను వీధి కన్నా ఎత్తున కట్టారు. నాలుగు మెట్లు ఎక్కాకే లోపలికి దిగాలి. మనమూ అలాగే కట్టుకుని, పక్కనే చక్రాల కుర్చీకి వాలుదారి పెట్టుకోవచ్చు.

టెండర్ పిలవకముందే ఆర్కిటెక్ట్‌ను ఎంపిక చేయండి. స్టేషన్‌ను నిలువునా కోసినట్టు లోపలి ఎత్తూ వెడల్పూ చూపే పటాన్ని, లిఫ్టుల కొలతలతో సహా, తెలుగులోనూ ఉర్దూలోనూ జేబీఎస్ స్టేషన్ గోడకు ఒక నెలపాటు పెట్టండి. పక్కనే అభ్యంతరాలు రాసే పుస్తకం ఒకటి ఉంచండి.

ఇట్లు,
ఒక మెట్రో ప్రయాణికుడు, హైదరాబాద్