సినిమాల్లో ఆఫ్రికా వాళ్ళంటే డ్రగ్స్ ముఠాయేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది పెదవాల్తేరు. రెండేళ్ల కిందట మా పై వాటా ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చదువుతున్న ఒక ఇథియోపియా అమ్మాయికి అద్దెకిచ్చాం. సామాను దింపిన సాయంత్రమే పక్కింటావిడ గోడ మీంచి పిలిచి, "ఏటమ్మా, ఆళ్ళకి ఇల్లిచ్చీసేవు, రేపు డ్రగ్సని పోలీసులొస్తే ఏటి సేస్తావు?" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు మిరియాల చారు పట్టుకొచ్చేది ఆవిడే. కానీ అప్పటిదాకా ఒక్క ఆఫ్రికా మనిషితో మాట్లాడి ఎరగదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకూ టెన్షన్ పట్టుకుంది.

ఆ భయం మాకు సినిమాల నుంచే వచ్చింది. ఎన్ని సినిమాల్లో చూడలేదు? హీరో గోవా వెళ్ళినా, ముంబై వెళ్ళినా, గోడౌన్‌లో పొట్లాలు అమ్మేది నల్లజాతి మనిషే, చివరికి తన్నులు తినేదీ అతనే, అతనికి పేరుండదు, ఊరుండదు, ఒక్క డైలాగూ ఉండదు. 2016 ఫ్లీట్ రివ్యూకి దాదాపు 50 దేశాల నేవీలు వస్తే బీచ్ రోడ్డులో చప్పట్లు కొట్టిన ఊరు మనది. అదే మనం టు-లెట్ బోర్డు చూసి ఒక ఆఫ్రికా పిల్ల వస్తే తలుపు వేసేస్తాం.

ఆ అమ్మాయి ఆదివారం పూట పచ్చి కాఫీ గింజలు పెనం మీద వేయిస్తుంది. వేగిన గింజల పొగ అందరి ముఖాల దగ్గరికీ తెచ్చి వాసన చూపించి, దంచి, మట్టి కూజాలో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో మూడు దఫాలు పోస్తుంది. ఒక్క దఫాకే లేచిపోతే బాగోదట. మన అరకులో పండే అరబికా కాఫీకి పుట్టిల్లు వాళ్ళ దేశమేనని అక్కడ కూర్చునే తెలుసుకున్నాను. 1896లో అడ్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించిన దేశమట, జనం 10 కోట్ల పైమాటే. మన తెలుగు లెక్చరర్లు ఎంతమంది అక్కడికెళ్ళి పాఠాలు చెప్పి రాలేదు! అయినా ఇథియోపియా అనగానే లోకానికి 1984 కరువులో ఎముకలు తేలిన పిల్లలే కళ్ళ ముందుకొస్తారు. ఆ మరుసటేడు అమెరికా గాయకులంతా కలిసి పాడితే విరాళాలు వచ్చాయి, అది మంచిదే, కానీ 40 ఏళ్లు గడిచినా ఆ బొమ్మ చెరగలేదు.

ఆ అమ్మాయికీ మన గురించి తెలిసింది హిందీ సినిమాల్లోంచే. "ఆంటీ, మీ ఇళ్ళన్నీ ప్యాలెస్‌లలా ఉంటాయనుకున్నాను" అంది ఒకరోజు. పాపం, మా డాబా చూసి ఏమనుకుందో.

హిందీ సినిమాలో మనవాణ్ణి "అయ్యయ్యో" అనే జోకర్‌ని చేస్తే మనకి కోపం వస్తుంది. అంతకన్నా దగ్గరి సంగతి, మన ఉత్తరాంధ్ర యాసని తెలుగు సినిమాల్లోనే పనిమనిషికో వాచ్‌మన్‌కో అంటగడితే ఎంత మండుతుంది! అదే మంట పై వాటాలో ఉన్న ఆ పిల్లకీ ఉంటుంది కదండీ.

మీ సినిమా పేజీలో పాటలు, ఫైట్లు, ఫొటోగ్రఫీ గురించి పేరాలకు పేరాలు రాస్తారు. వేరే దేశం వాళ్ళని, వేరే యాస వాళ్ళని ఆ సినిమా ఎలా చూపించిందో కూడా ప్రతి రివ్యూలో రెండు ముక్కలు రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం