ఏప్రిల్ 15 దాకా లోను మాట వద్దు

చి. శైలజకు,

మామ ఆశీస్సులు. ఎకనామిక్స్ పీహెచ్‌డీకి నువ్వు వేసిన అప్లికేషన్ల ఫలితాలన్నీ చూసినాను. ఎక్కువ రిజెక్షన్లే, ఒకచోట వెయిట్‌లిస్టు, ఇంకోచోట ఫండింగ్ లేని మాస్టర్స్. ఆ మాస్టర్స్ కోసం మీ నాయన అనంతపురంలో బ్యాంకుల చుట్టూ తిరుగుతున్నాడని అక్క చెప్పింది. ముందు అది ఆపమను. ఇక్కడ అమెరికాలో ఎకనామిక్స్ పీహెచ్‌డీలో సీటిస్తే మామూలుగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తారు, బదులుగా టీచింగ్ అసిస్టెంటు పని చేయించుకుంటారు. నీకు ఎంఏ ఉండనే ఉంది, అప్పు చేసి ఇంకోటి ఎందుకు?

ఫండింగుతో సీటు వచ్చినవాళ్లు ఏప్రిల్ 15 దాకా జవాబు చెప్పకుండా ఉండొచ్చని ఇక్కడి యూనివర్సిటీలు చాలావరకు ఒప్పుకొని ఉన్నాయి. మూడు నాలుగు సీట్లు చేతిలో ఉన్నవాళ్లు చివరి రోజుల్లోనే వదులుతారు, వెయిట్‌లిస్టు కదిలేదీ అప్పుడే. నిన్ను వెయిట్‌లిస్టులో పెట్టినచోట అడ్మిషన్ల పని చూసే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు ఒక్క మెయిల్ పెట్టు. కొత్త మార్కులు ఉంటే రాయి. సీటిస్తే తప్పక వస్తానని రాయి, అది నిజమైతేనే. వారం వారం గుర్తుచేస్తే విసుక్కుంటారు. 15న ఇక్కడ పగలంటే మీకు రాత్రి, ఆ రాత్రి మెయిల్ చూసుకుంటూ ఉండు. గంటల్లోనే జవాబు అడిగే సందర్భాలుంటాయి.

రిజెక్షన్లకు కారణం రాయరు కాబట్టి ఫైలు చూసే చెప్పాలి. జీఆర్‌ఈ పరీక్ష లెక్కల భాగం క్వాంట్‌లో 170కి నీ 167 చాలు. అది గడప దాటడానికే పనికొస్తుంది, లోపల సీటు ఇప్పించదు. 5 ఏళ్లు చెల్లుతుంది, మళ్లీ రాయొద్దు.

లోటు మ్యాథ్స్‌లో ఉంది. నీ మార్కుల మెమోలో 'మ్యాథమెటికల్ మెథడ్స్' అని ఒక్క పేపరే కనపడుతుంది. మొదటి ఏడాది మైక్రో, మాక్రో, ఎకనోమెట్రిక్స్ మూడింట్లోనూ ప్రూఫ్‌లుంటాయి, ఆ తర్వాతి క్వాలిఫైయింగ్ పరీక్షలో తప్పి వెనక్కి పోయేవాళ్లూ ఉంటారు. అందుకే అడ్మిషన్ల కమిటీ రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ కోసం వెతుకుతుంది. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటీఈఎల్‌లో రియల్ అనాలిసిస్ తీసుకో. వీడియోలు చూసి వదిలేయకుండా సెంటరుకు పోయి పరీక్ష రాయి, మార్కు కనపడాలి.

అంతకన్నా పెద్ద లోటు రికమెండేషన్ లెటర్లు. 'క్రమశిక్షణ గల అమ్మాయి, మంచి భవిష్యత్తు ఉంది' అని మన సార్లు ప్రేమగా రాస్తారు. దాంతో ఏ పనీ కాదు. తాను చదువు చెప్పినవాళ్లలో ఈ అమ్మాయి ఎన్నోది, డేటా చేతికిస్తే తనంతట తాను ఏం తేల్చింది అన్నది కావాలి. రాసినాయన ఎవరో కమిటీకి తెలియకపోతే ఆ మాటకూ బరువు తక్కువే. అన్యాయమే, కానీ పద్ధతి అట్లుంది. దీనికి మందు ప్రీ-డాక్ ఉద్యోగం, అంటే పేపర్లు రాసే ప్రొఫెసర్ దగ్గర ఏడాదో రెండేళ్లో రీసెర్చ్ అసిస్టెంటుగా చేయడం. పేదరికం మీద రీసెర్చ్ చేసే సంస్థ జె-పాల్ సౌత్ ఏషియాలో ఇట్లాంటి పనులుంటాయి. తీసుకునే ముందు డేటా టాస్క్, అంటే డేటా ఇచ్చి లెక్కలు తేల్చమనే పరీక్ష ఇస్తారు. ఆదాయం కాలమ్‌లో జవాబు రానిచోట మైనస్ 99 అని ఉంటుంది, దాన్ని మిస్సింగ్‌గా మార్చకుండా సగటు తీస్తే అంతే సంగతులు. రెండు ఫైళ్లు కలిపేముందు ఐడీలు రెండుసార్లు వచ్చినాయేమో చూడు. సాఫ్ట్‌వేర్ స్టాటా అయినా ఆర్ అయినా, నీ కోడ్ ఇంకొకరి కంప్యూటర్లో మొదటి లైను నుంచి ఆగకుండా నడవాలి.

ఎస్‌ఓపీలో, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసంలో, కరువు గురించి రెండు పేరాలు రాసినావు, ప్రశ్న మాత్రం ఒక్కటీ లేదు. 2004లో మన అనంతపురం జిల్లాలోనూ మహబూబ్‌నగర్‌లోనూ అమ్మిన వాన బీమా (వానమాపకంలో వాన తక్కువ పడితే డబ్బులిచ్చేది) మీద జినె, టౌన్‌సెండ్, వికరీ అనే ఆర్థికవేత్తలు 2008లో ఒక పేపరు అచ్చేసినారు. నష్టమంటే ఎక్కువ భయపడే రైతులే బీమా కాస్త తక్కువ కొన్నారని అందులో తేలింది. ఎందుకని? వానమాపకం ఒకచోట, శెనక్కాయ చేను ఇంకోచోట ఉన్నందుకా, అమ్మేవాళ్ల మీద నమ్మకం లేకనా? అక్కడ మొదలుపెట్టు.

ఇట్లాంటి ప్రశ్నలకు డేవిస్, మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటిచోట్ల వ్యవసాయ, అప్లైడ్ ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లు వేరుగా ఉన్నాయి. నువ్వు ఒక్కదానికీ వేయలేదు. ఒక్కో అప్లికేషన్‌కు దగ్గర దగ్గర 100 డాలర్లు కాబట్టి మళ్లీ వేస్తే సగం అటు పెట్టు, ఫీజు మాఫీ ఉందేమో ముందే అడుగు. గడువులు ఎక్కువగా డిసెంబరులోనే. లెటర్ల లింకు సార్ల కాలేజీ మెయిల్‌కు పోతుంది, స్పామ్‌లో చూడమని చెప్పు.

అక్కకు, బావకు నమస్కారాలు.

ఇట్లు
మీ మామ