సెస్సు వసూలుకి హక్కుంటే, రసీదు చూపించే బాధ్యత లేదా?

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందట మీ పత్రిక న్యాయ సలహాల శీర్షికలో ఒకాయన అడిగిన ప్రశ్నకి, "స్థానిక పన్నులను కౌలుదారు దగ్గర రాబట్టుకునే హక్కు భూమి యజమానికి ఉంది" అని రెండు ముక్కల్లో జవాబు వేశారు. కౌలుదారు అంటే ఎవరు, ఏ పన్ను, ఎంత, ఏ కాగితం మీద అన్నది ఒక్క మాటా లేదు. ఆ కటింగ్ ఇప్పుడు మా ఊళ్లో చేతులు మారుతోంది. నేను కౌలుకి చేస్తున్న మూడెకరాల ఆసామి, అంటే భూమి యజమాని, దాన్ని నా ముందు పెట్టి, "పేపర్లోనే పడిందిరా, మూడేళ్ల సెస్సు పన్నెండు వందలు కట్టు" అన్నారు. సెస్సంటే భూమి మీద వేసే స్థానిక పన్ను. రసీదు చూపించండి బాబూ అంటే కోపం వచ్చింది.

మాది గజపతి జిల్లా, వంశధార ఒడ్డు. మా అబ్బాయి ఫోన్లో భూలేఖ్ (ఒడిశా సర్కారు భూమి రికార్డుల వెబ్‌సైట్) తీసి ఆ పొలం పట్టా చూశాడు. ఎవరైనా చూడొచ్చు. అందులో జలకరం (నీటి పన్ను), ఖజనా (భూమి శిస్తు), సెస్సు వేర్వేరుగా వేసి కింద మొత్తం ఉంటుంది. అన్నీ కలిపినా ఏడాదికి వంద రూపాయలు దాటలేదు. మరి పన్నెండు వందలు ఎలా వచ్చాయి? ఈ మాట అడగడానికి ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసుకి వెళ్తే, రికార్డులో నీ పేరు లేదు, నీకు చెప్పాల్సిన పని లేదన్నారు. రెండు పూటలు కూలి పోగొట్టుకుని తిరిగొచ్చాను. ఇచ్చే కాగితాలన్నీ ఒడియాలో. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే సరి, లేకపోతే మా వయసు తెలుగువాళ్లకి ఏ అంకె దేనిదో తెలియదు. అడిగితే విసుక్కుంటారు. ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్నవాళ్లకి ఎదుట నిలబడ్డవాడు రైతు అన్న గుర్తింపు ఎప్పుడు పోయిందో గానీ, మా నాన్న రోజుల్లో ఇంత లేదు.

మా తాతలు పర్లాకిమిడి జమీందారీ రైతులు. అప్పట్లో ఇక్కడ మద్రాసు చట్టాలే. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద జమీందారు పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చిలిక, అంటే ఒప్పుకోలు పత్రం, రాసివ్వాలి. 1920 లోకల్ బోర్డుల చట్టం ప్రకారం భూమి సెస్సు జమీందారు కట్టి, అందులో సగం రైతు దగ్గర తీసుకోవచ్చు. సగమే! జమీందార్ల జులుం గురించి మా నాన్న ఎన్నో చెప్పేవాడు, వాళ్లని నేను పొగడటం లేదు. కానీ ఆ సగం అడగడానికైనా రైతు పేరు ఒక లెక్కలో ఉండేది.

ఇప్పుడు మా పేరు ఎక్కడుంది? 1960 ఒడిశా భూసంస్కరణల చట్టం భూమిని కౌలుకి ఇవ్వకూడదంటుంది. వితంతువులు, మైనర్లు, సైన్యంలో ఉన్నవాళ్లు, ఒంట్లో బాగోక సేద్యం చేయలేనివాళ్లు వంటి కొందరికే మినహాయింపు. వాళ్లు ఇచ్చినా పంటలో నాలుగో వంతుకి మించి తీసుకోకూడదు. మా ఆసామి విశాఖలో ఉద్యోగం చేస్తారు. నేను ఆయనకి కొలిచేది సగం పంట. విత్తనం, ఎరువు, కూలి అన్నీ నావే. కాగితం మీద మాత్రం దున్నేది ఆయనే. 2018లో తిత్లీ తుఫానుకి చేను పడిపోతే సర్కారు సాయం ఆయన ఖాతాలో పడింది. అందులో నాకు ఒక్క రూపాయి రాలేదు. మండికి (సర్కారు ధాన్యం కొనే చోటికి) ధాన్యం తీసుకెళ్తే భూమి కాగితం ఎవరిదంటారు. సాయం వచ్చినప్పుడు నేను కౌలుదారుని కాదు, సెస్సు కట్టాల్సినప్పుడు మాత్రం కౌలుదారుని. ఇదెక్కడి న్యాయమండీ?

పన్ను కట్టనని నేను అనడం లేదు. ఆ సెస్సుతో పంచాయతీ రోడ్డు పడితే దాని మీద నడిచేది నేనే. పన్నెండు వందలు కూడా మా ఇంటికి చిన్న మొత్తం కాదు, పిల్ల ట్యూషన్ ఫీజు. పట్టాలో ఉన్న అంకె ఎంతో అంత, రసీదు జెరాక్స్ చేతికిస్తే ఆ రోజే కడతాను. దాని వెనక ఫలానా ఏడాది ఫలానా పొలం ఫలానావాడు చేశాడని ఆయన ఒక్క సంతకం పెట్టాలి. సెస్సు అడిగే ప్రతి ఆసామీ ఇలాంటి చీటీ ఇవ్వాలని తహసీల్దారు గారు ఊరూరా దండోరా వేయిస్తే మా టెన్షన్ సగం తీరుతుంది. ఆ చీటీ ఉంటే మండిలోనూ బ్యాంకులోనూ మేము కూడా మనుషుల్లా నిలబడగలం.

మీ శీర్షిక రాసే వకీలు గారికి నా మనవి ఒక్కటే. సగం జవాబు చదివి మా ఊళ్లో నలుగురు ఇప్పటికే డబ్బు కట్టేశారు. మిగతా సగం కూడా వచ్చే వారం అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక కౌలు రైతు,
కాశీనగర్ బ్లాక్, గజపతి జిల్లా, ఒడిశా