ఏజెన్సీ మారింది, పాస్‌వర్డ్ మారిందా?

సంపాదకుడి గారికి,

కరెంటు, నీటి వ్యవస్థల మీద సైబర్ దాడులు అనగానే అందరం చైనా హ్యాకర్ల గురించే మాట్లాడుకుంటున్నాం. ఆ ప్రమాదం లేదనను. 2021 మార్చిలో తెలంగాణ విద్యుత్ సంస్థలకు కేంద్రం నుంచి హెచ్చరిక కూడా వచ్చింది. కానీ ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మన కాంట్రాక్టుల తీరు.

2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ షైర్‌లో మురుగునీటి పంపులు ఉన్నట్టుండి ఆగిపోయేవి, అలారాలు మోగేవి కావు. కొత్త సిస్టమ్ కదా, ఏదో లోపమనుకున్నారు సిబ్బంది. తీరా చూస్తే ఆ పరికరాలు బిగించిన సంస్థలో పనిచేసి మానేసిన వ్యక్తి పని అది. కౌన్సిల్‌లో ఉద్యోగం ఇవ్వలేదన్న కోపంతో లాప్‌టాప్, రేడియో కారులో పెట్టుకుని తిరుగుతూ పంపులకు తప్పుడు ఆదేశాలు పంపేవాడు. సుమారు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పోయింది. అతనికి రెండేళ్ల జైలు పడింది.

మన దగ్గర చాలా మున్సిపాలిటీల్లో ఫిల్టర్ బెడ్లు, పంప్‌హౌస్‌లు నడిపేది ఏజెన్సీలే. టెండరు మారితే మనుషులు మారతారు. పంపులను కంప్యూటర్ నుంచి నడిపే స్కాడా వ్యవస్థ పాస్‌వర్డ్ మారుతుందా? నేను చూసిన ఒక పంప్‌హౌస్‌లో దాన్ని చీటీ మీద రాసి మానిటర్‌కే అంటించారు. ముగ్గురు ఆపరేటర్లు మారినా చీటీ ఊడలేదు. ప్రతిసారీ సర్వీసుకు రానక్కర్లేకుండా దూరం నుంచే చూసుకోవడానికి కంపెనీవాళ్లు పెట్టిన రిమోట్ లాగిన్ కూడా అలాగే ఉంది.

"మాకు ఇంటర్నెట్టే లేదు కదండీ" అంటారు కొందరు ఇంజినీర్లు. ఇరాన్‌లో నతాంజ్ అణుకేంద్రం కంట్రోల్ వ్యవస్థకూ లేదు. అయినా దాన్ని దెబ్బతీసిన, 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్‌ను (హానికర ప్రోగ్రామ్‌ను) పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకేలాగే రాశారు. మన కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో 2019లో మాల్‌వేర్ దొరికింది ఆఫీసు పనులకు వాడే కంప్యూటర్‌లో. రియాక్టర్ కంట్రోల్ నెట్‌వర్క్ విడిగా ఉంది కాబట్టి సరిపోయింది. ముందురోజు అసలు దాడే సాధ్యం కాదన్న అక్కడి అధికారులు మర్నాడు నిజమేనని ఒప్పుకోవడం వేరే సంగతి!

మున్సిపల్ శాఖకు నా విన్నపం ఒక్కటే. ఏజెన్సీ వెళ్లేటప్పుడు పంప్‌హౌస్ తాళంచెవులు, స్పానర్లు అప్పగించినట్టు రిజిస్టర్‌లో సంతకం తీసుకుంటున్నారు. పాస్‌వర్డ్‌లు మార్చామని, రిమోట్ లాగిన్‌లు తీసేశామని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సంతకం చేయడానికి అదే పేజీలో ఇంకో గడి పెట్టండి. అది నిండేదాకా చివరి బిల్లు ఆపండి.

– ఒక విశ్రాంత టెక్నీషియన్, విశాఖపట్నం