లైబ్రరీలో సాయం చేసిన సీనియర్ అక్కకు కృతజ్ఞతలు

ఆ సాయంత్రం లైబ్రరీలో నా పక్కన కూర్చున్న అక్కా, మీ పేరు తెలియదు, ఏ డిపార్ట్‌మెంటో కూడా తెలియదు. ఇది మీ కంటపడాలని ఆశపడుతూ రాస్తున్నాను.

మర్నాడే నా పీహెచ్‌డీ గైడ్‌తో మీటింగ్. రెండు సర్వే ఫైళ్లను మనుషుల ఐడీల ఆధారంగా కోడ్‌తో కలిపితే చాలామంది వివరాలు మాయమైపోతున్నాయి. టెన్షన్‌తో నాకు చేతులు ఆడడం లేదు. మీరే పలకరించి, కుర్చీ దగ్గరకు జరుపుకొని, కోడ్ జోలికి వెళ్లకుండా ముందు రెండు ఫైళ్లనూ పక్కపక్కన తెరవమన్నారు. ఒకదాంట్లో ఐడీ 00417, ఇంకోదాంట్లో ఉత్త 417. అందుకే అవి జత కలవడం లేదు. స్ప్రెడ్‌షీట్ దాన్ని సంఖ్య అనుకుని ముందున్న సున్నాలు తీసేస్తుందని, ఆ కాలమ్‌ను మొదటి నుంచీ టెక్స్ట్‌గానే తెరవాలని చెప్పారు. నా కీబోర్డు మాత్రం ముట్టుకోలేదు, అంతా నా చేతే చేయించారు. అందుకే మీకు ఎక్కువ రుణపడి ఉన్నాను.

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పారు: గైడ్‌తో మాట్లాడిన రోజే, ఏం అనుకున్నామో నాలుగు లైన్లు మెయిల్ పెట్టమని. అప్పటి నుంచి మానకుండా పెడుతున్నాను. "ఇది ఎప్పుడు అనుకున్నాం?" అనే ప్రశ్న ఇప్పుడు మా మధ్య రావడం లేదు. మీటింగ్ అంటే గుండెదడా తగ్గింది. పీహెచ్‌డీలో డేటా కంటే మనుషులతో మెలగడమే కష్టమని నాకనిపిస్తుంది. అది ఏ క్లాసులోనూ చెప్పరు.

మీ ల్యాప్‌టాప్‌లో మీ చాప్టర్ సగంలో తెరిచే ఉంది. అయినా అంతసేపు నాకిచ్చారు. మీ థీసిస్ త్వరగా పూర్తికావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, అక్కా.