వార్షిక నివేదిక: ఈ ఏడాది పనంతా బ్యాటరీల చుట్టూనే

సభ్యులందరికీ నమస్కారం.

చేలో మందు కొట్టే డ్రోన్ బాగానే ఉంటోంది, దాని బ్యాటరీలే ఎందుకు ముందు చెడిపోతున్నాయని పోయిన సర్వసభ్య సమావేశంలో చాలామంది అడిగారు. ఈ ఏడాది సంఘం పనిలో సింహభాగం ఆ ప్రశ్నకే పోయింది.

ఖరీఫ్‌కు ముందు సభ్యుల బ్యాటరీలన్నీ ఒకచోటికి తెప్పించి, సెల్ సెల్‌కూ ఓల్టేజీ చూశాం. పది లీటర్ల ట్యాంకు ఉన్న డ్రోన్లలో ఎక్కువగా వాడేవి ఆరు సెల్స్ ఉన్న లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాకులు. సెల్‌కు 4.2 ఓల్టులు, మొత్తం 25.2 వస్తే ఫుల్. చూస్తే గాలిలో పాడైనవాటి కన్నా షెడ్డులో పాడైనవే ఎక్కువ. రాత్రి ఫుల్ ఛార్జింగ్ పెడతాం, తెల్లారేసరికి ముసురు పట్టుకుంటుంది, ప్యాకు వారం రోజులు అలాగే పడి ఉంటుంది. నిండుగా ఉన్న సెల్‌లో ఎలక్ట్రోలైట్ మెల్లగా విరిగి గ్యాస్ అవుతుంది. ప్యాకు ఉబ్బేది అందుకే. మన ఎండలకు రేకుల షెడ్డులో అది ఇంకా త్వరగా జరుగుతుంది. రెండు మూడు రోజులు పని లేదనిపిస్తే ఛార్జర్‌ను స్టోరేజీ మోడ్‌లో పెట్టి, సెల్ 3.8, 3.85 ఓల్టుల మధ్యకు తెచ్చి ఉంచండి. పైసా ఖర్చు లేని పని ఇది, అయినా చేసేవాళ్లు తక్కువ.

రెండోది తొందర. చేలో దిగిన ప్యాకు చేత్తో పట్టుకుంటే చురుక్కుమంటుంది. దాన్ని అలాగే జనరేటర్ దగ్గర ఛార్జర్‌కు తగిలిస్తున్నారు. తర్వాతి రైతు గట్టు మీద నిలబడి టైం చూస్తుంటే టెన్షన్ ఎవరికైనా ఉంటుంది, కాదనం. కానీ చల్లారాకే పెట్టాలి. 16,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, ప్యాకులో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) ప్యాకుకు ఛార్జింగ్ కరెంటు 16 ఆంపియర్లు దాటించకుండా ఉంటే ఎక్కువ కాలం వస్తుంది. మందు ఇంకా మిగిలింది, ఇంకొక్క చాలు కొడదామని సెల్‌ను 3.5 కిందికి లాగొద్దు. 3 ఓల్టుల కిందికి పోయిన సెల్ మళ్లీ మామూలుగా పనిచేయదు.

నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోన్లు అందుకున్న మహిళా సంఘాల సభ్యులు కూడా శిక్షణకు వచ్చారు. ప్యాకుకొక నోటుపుస్తకం పెట్టి, ఎన్నిసార్లు ఛార్జ్ చేసిందీ రాయడం వాళ్ల ఆలోచనే. మగవాళ్లు ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నారు.

ఛార్జింగ్ గదిలోంచి పురుగుమందు డబ్బాలు తీయించాం. సిమెంటు గచ్చు, ఇసుక బకెట్లు, బయటికి గాలి పోయే కిటికీ ఏర్పాటయ్యాయి. మంట లేస్తే పొగ పీల్చకుండా ముందు బయటికి రండి, ఆ పొగ విషం.

డ్రోన్ బ్యాటరీ విమానంలో తీసుకెళ్లొచ్చా అని ఒకరు అడిగారు. ప్రయాణికులకు 160 వాట్ అవర్ల (బ్యాటరీలో నిల్వ ఉండే మొత్తం శక్తి కొలత) వరకే, అదీ ఎయిర్‌లైన్ అనుమతితో. మన 22,000 ఎంఏహెచ్ ప్యాకు 488 వాట్ అవర్ల దాకా ఉంటుంది. కాబట్టి కుదరదు.

ఉబ్బిన ప్యాకులను పాత సామాను వాళ్లకు అమ్మకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. కనెక్టర్లకు టేపు చుట్టి సంఘానికి అప్పగిస్తే, అందరివీ కలిపి డీలర్‌కు పంపుతాం.

జమాఖర్చుల పుస్తకం ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడొచ్చు. వచ్చే ఏడాది బ్యాటరీల తనిఖీ రబీకి ముందు కూడా పెట్టాలని కమిటీ ప్రతిపాదన. సమావేశంలో మీ అభిప్రాయం చెప్పండి.

కార్యదర్శి